కొండ లేని గిరి ప్రదక్షిణ

హౌరా రైల్లో ఎప్పుడైనా వెళ్లినవాళ్లకి మా ఊరు తెలిసే ఉంటుంది. కలకత్తా ఇంకో రెండు గంటల ప్రయాణం ఉందనగా రైలు ఒక పెద్ద స్టేషన్లో ఆగుతుంది. "అబ్బ, ఈ ప్లాట్‌ఫారానికి అంతే లేదా!" అని కిటికీలోంచి చూసి ఉంటారు. అదే ఖరగ్‌పూర్. ఆ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. చాలా ఏళ్లు ప్రపంచంలో దాన్ని మించింది లేదని చెప్పుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది, 2023లో హుబ్బళ్లి ఆ రెండింటినీ దాటేసింది. మా పిల్లలు కాస్త చిన్నబోయారు గాని నాకు బెంగ లేదు. ప్లాట్‌ఫారం ఎంత పొడుగైనా ఒక కొసన మొదలై ఇంకో కొసన ఆగిపోతుంది. మా ఊళ్లో అంతకంటే ఎన్నో రెట్లు పొడవైన దారి ఒకటుంది. అది ఎక్కడ మొదలైందో అక్కడికే తెచ్చి దింపుతుంది. వాన ఇప్పట్లో వదిలేలా లేదు, టీ మరుగుతోంది. కూర్చోండి, ఆ దారి సంగతి చెప్తాను.

సింహాచలం గిరి ప్రదక్షిణ మీకు తెలుసు కదా. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ మెట్ల మొదట్లో ఉన్న తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి, మళ్లీ తొలిపావంచా దగ్గరికే వస్తారు. ఉత్తరాంధ్రలో పుట్టినవాడికి అది యాత్ర మాత్రమే కాదు, ఒంట్లో ఉన్న అలవాటు. మా తాతది పాలకొండ వైపు పల్లె. పెళ్లికి ముందు వరసగా నాలుగేళ్లు అప్పన్న కొండ చుట్టి వచ్చాడట. ఐదో ఏడు బీఎన్నార్‌లో, అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా కుదిరి ఖరగ్‌పూర్ వచ్చేశాడు. గ్యాంగ్‌మన్‌కి ఆషాఢంలో సెలవెక్కడిది? వానాకాలం మొదలైందంటే రాత్రిళ్లు లాంతరు పట్టుకుని పట్టా వెంబడి గస్తీ తిరగాలి. కట్ట ఎక్కడ జారిందో, కల్వర్టు కింద నీళ్లెంత వచ్చాయో చూసుకోవాలి. తన ఒక్కడి మొక్కు కోసం రైల్లో నిద్రపోయే వెయ్యి మందిని వదిలేసి వెళ్లే మనిషి కాదు మా తాత.

అందుకని ఆయన ఆ రోజు డ్యూటీ లేని వేళ చూసుకుని మా ఊరి చుట్టే తిరగడం మొదలుపెట్టాడు. తెల్లారకుండా న్యూ సెటిల్‌మెంట్‌లో బయల్దేరి, పురీ గేటు దాటి, హిజ్లీ పక్కగా గోపాలి వైపు ఎర్ర గరువుల మీదికెక్కి, సాల అడవిలో దూరి, సాలువా రోడ్డు మీదికి తేలి, తాల్‌బాగిచా మీదుగా మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. నాకు తొమ్మిదేళ్లొచ్చాక నన్నూ వెంట తీసుకెళ్లాడు. ఇప్పుడు నాకు యాభై దాటాయి. తాత లేడు, నాన్న లేడు. ఆషాఢ చతుర్దశి వస్తే నా కాళ్లు మాత్రం ఇంట్లో నిలబడవు.

మీరు అడగబోయేదేమిటో నాకు తెలుసు. ఖరగ్‌పూర్‌లో కొండ ఎక్కడుంది, గిరి ప్రదక్షిణ చెయ్యడానికి? నేనూ తాతని అదే అడిగాను. ఆయన చెప్పిన జవాబు ఇప్పుడే చెప్పను. అది అడవిలో చెప్పిన మాట, అడవిలోకి వెళ్లాకే వినాలి.

ముందు మా పేట సంగతి. న్యూ సెటిల్‌మెంట్ అనేది రైల్వే క్వార్టర్ల పేట. దానికి ముందుది ఓల్డ్ సెటిల్‌మెంట్. అటు మథురాకాటి, ఇటు నింపురా, అన్నీ రైలు చుట్టూ మొలిచినవే. బీఎన్నార్ 1887లో పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకి ఖరగ్‌పూర్ జంక్షనయింది, వర్క్‌షాపు లేచింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీరపు లైను కూడా బీఎన్నార్ చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలకి ఖరగ్‌పూర్ కొలువు ఒకే పట్టా మీదికి వచ్చినట్టయింది. అన్న వస్తే తమ్ముడు, తమ్ముడు వస్తే బావమరిది. పంజాబీలు, బిహారీలు, ఒడియావాళ్లు, తమిళులు, బెంగాలీలు అందరూ ఉన్నారు, అందుకే దీన్ని మినీ ఇండియా అంటారు. అయినా మా వీధిలో పొద్దున్న చీపురు చప్పుడు వెనకాల వినబడేది మాత్రం "ఏటే, ఇంకా నెగలేదా?" అన్న సిక్కోలు తెలుగే.

చతుర్దశి వచ్చేది మా సెటిల్‌మెంట్ జగన్నాథస్వామి బహుడా, అంటే తిరుగు రథయాత్ర, అయిన నాలుగో రోజు. అన్నగారినీ చెల్లెలినీ వెంటబెట్టుకుని స్వామి గుడికి తిరిగి వచ్చేసి ఉంటాడు. వీధుల్లో రథం తాడు నలిపిన గుర్తులు ఇంకా ఉంటాయి. దేవుడు వెళ్లి తిరిగొచ్చాడు, ఇక మన వంతు అనేవాడు తాత. చెంగున అటుకులూ బెల్లం ముక్కా కట్టుకుని, చేతిలో గొడుగు పట్టుకుని బయల్దేరేవాళ్లం.

క్వార్టరు గేటు ముందు మురుగు కాలవ ఉండేది. దాని మీద అడ్డంగా పాత చెక్క స్లీపరు ఒకటి వేసి ఉండేది. మేం ఆ ఇంట్లోకి రాకముందు నుంచీ ఉంది. గేటు తీసి దాని మీద కుడి పాదం పెట్టేముందు తాత వంగి దాన్ని చేత్తో తాకి కళ్లకద్దుకునేవాడు. నేనూ అలాగే చేసేదాన్ని. తొలిపావంచా అదే అనుకున్నాను. ఒక రకంగా అదే.

పురీ గేటు దాకా ఊరు. పురీ వైపు పోయే లైను అక్కడ రోడ్డుని కోస్తుంది, అందుకే ఆ పేరు. గేటు వేశాక గూడ్సు బండి వస్తే పెట్టెలు లెక్కపెడుతూ నిలబడేవాళ్లం. ఇప్పుడు ఫ్లైఓవరుంది. అది దాటితే గాలి మారుతుంది. కొద్ది దూరంలో ఐఐటీ. మన రాష్ట్రాల నుంచి పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మానాన్నలు ఎంతమందో, మీలోనూ ఎవరైనా వచ్చి ఉండొచ్చు. వస్తే ఆవరణలో ఉన్న పాత హిజ్లీ భవనాన్ని చూడకుండా వెళ్లకండి. 1930లో అది రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా పోలీసులు ఆయుధం లేని ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ల దేహాలు తీసుకెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ వచ్చాడు. ఒంట్లో బాగాలేకపోయినా రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో బహిరంగ సభకి వచ్చి నిరసన చెప్పాడు. 1951లో దేశంలో మొట్టమొదటి ఐఐటీ ఆ భవనంలోనే మొదలైంది. పిల్లల్ని కట్టిపడేసిన గోడల మధ్యే పిల్లలకి చదువు చెప్పాలని ఎవరు తలచారో గాని, ఆ తలపుకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. తాత ఆ వైపు తిరిగి ఒక్క క్షణం ఆగేవాడు. చదువు రాని మనిషి, ఆ ఇద్దరి పేర్లూ తప్పు లేకుండా చెప్పేవాడు.

ఇక అక్కణ్ణుంచి గరువు.

గరువు అంటే గోదావరి వాళ్లకి చెప్పాలేమో గాని మా సిక్కోలు వాళ్లకి చెప్పక్కర్లేదు. నీళ్లెక్కని మెరక మెట్ట. ఇక్కడి బెంగాలీలు దీన్ని డాంగా అంటారు. మీరు బెంగాల్ అంటే చెరువులూ, అరటి తోటలూ, పచ్చటి వరిచేలూ అనుకుంటారు. అది తూర్పున. ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మెల్లగా వాలుతూ వాలుతూ వచ్చి గంగ వండలి నేలకి తగిలే అంచు మీద ఉంది మా ఊరు. ఇక్కడ నేల ఇటుక రంగు. కుంకుమ బరిణె ఒలికినట్టు కనుచూపు మేర ఎరుపు, మధ్య మధ్య గడ్డి దుబ్బులు, రేగు తుప్పలు, ఈత తుప్పలు, అక్కడొకటి ఇక్కడొకటి తాడిచెట్టు, మనిషి ఎత్తు చెదపుట్టలు. అంతే. పైన ఆకాశం మాత్రం కావలసినంత.

ఈ రాయి పేరు లాటరైట్. ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఆయన మలబారులో చూసి 1807లో పెట్టిన పేరు. లాటిన్లో ఇటుకని 'లేటర్' అంటారట, అందులోంచి తీశాడు. వేల వేల ఏళ్లు వానలు కురిసి కురిసి నేలలో కరిగేదంతా కడుక్కుపోగా, కరగని ఇనుమూ అల్యూమినియమూ మిగిలి గట్టిపడితే ఇది తయారవుతుంది. ఇనుము తుప్పు రంగే ఈ ఎరుపు. భూమిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి గునపానికి కోతకొస్తుంది, గాలి తగిలి ఎండితే రాయవుతుంది. ఇక్కడివాళ్లు మాక్‌డా పాథర్ అంటారు. కేశియాడీ దగ్గర కురుంబేరా కోట ఈ రాతితో కట్టిందే. కపిలేంద్ర గజపతి కాలం నాటిదని చెప్తారు. గజపతులంటే మనకి పరాయివాళ్లు కాదు కదా. వాళ్ల చేయి గోదావరి దాటి కూడా సాగింది.

ఆషాఢంలో ఈ గరువు మీద నడవడం ఎంత సుఖమో చెప్పలేను. గరప నేల, బురద అంటదు. కురిసిన నీరు కురిసినట్టే చిన్న చిన్న పాయలై పల్లానికి పరిగెడుతుంది, ఎర్రగా, పసుపూ సున్నమూ కలిపిన పారాణిలా. అడుగు వేస్తే గులకలు కరకరమంటాయి. తీతువు పిట్ట ఒకటి ఎక్కడో గుడ్లు పెట్టుకుని ఉంటుంది. మనం వస్తున్నామని ఊరంతటికీ చాటి, వేరే దిక్కుకి ఎగిరి మనల్ని మళ్లించాలని చూస్తుంది. "దాని మాట ఇందాం, పక్కకెల్దాం" అని తాత దారి మార్చేవాడు. పిట్ట కోసం చుట్టూ తిరిగిన దూరం కూడా ప్రదక్షిణలోనే జమ అని ఆయన లెక్క.

చలికాలంలో ఒకసారి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. తడి ఆరని చోట్ల బొట్టుబిళ్లంత ఎర్రటి మొక్కలు నేలకి అతుక్కుని ఉంటాయి. ఆకుల అంచున వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా మంచు బొట్టులా జిగురు. దాని పేరు డ్రాసెరా. దోమా చీమా వాలితే పట్టేసి అరిగించుకుంటుంది. ఈ నేలలో నత్రజని దొరకదు, మరి బతకాలిగా. చిన్నప్పుడు భయం వేసింది. పెద్దయ్యాక దాని మీద గౌరవం కలిగింది. ఉన్నచోట దొరకనిది ఎలాగో సంపాదించుకుని, నేలని వదలకుండా ఉండడం మా సెటిల్‌మెంట్ వాళ్లందరికీ తెలిసిన విద్యే.

గరువు అంచున జీడిమామిడి తోటలు తగులుతాయి. పలాస వాసన పలాసకి ఇంత దూరంలో! అక్కడ మా తాత కాస్త నెమ్మదించేవాడు. అవి దాటాక ఉన్నట్టుండి వెలుతురు తగ్గుతుంది. నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి, పట్టాల పక్క సిగ్నల్ స్తంభాల్లా సాల వృక్షాలు.

మన తెలుగులో సాల వృక్షం అంటే పుస్తకం మాటలా ఉంటుంది. గుగ్గిలం చెట్టు అంటే ఇంట్లో మాట అవుతుంది. పసిపిల్లలకి స్నానం చేయించి ధూపం వేసే గుగ్గిలం ఈ చెట్టు బంకే. మన ఉత్తరాంధ్ర కొండల్లోనూ కొద్దిగా ఉంది. బుద్ధుడు పుట్టిందీ, కన్నుమూసిందీ ఈ చెట్ల నీడలోనే అంటారు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది, వెంటనే లేత ఎరుపు చిగురూ, లేత పసుపు పూతా. అప్పుడు సంతాల్ గిరిజనులు బాహా పండగ చేసుకుంటారు. ఆ పువ్వు దేవుడికి పెట్టందే ఆడవాళ్లు కొప్పులో తురుముకోరు. జ్యేష్ఠం చివర కాయ పండుతుంది. ఒక్కో కాయకి ఐదు రెక్కలు, మూడు పొడుగు, రెండు పొట్టి. తొడిమ వదిలితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది. తాత దోసిలి పట్టి అందుకోమనేవాడు, ఒక్కటి అందితే ఆ ఏడంతా మంచిదని. ఈ గింజకి ఆయుష్షు తక్కువ. రాలిన వారం పది రోజుల్లో తడి తగలకపోతే చచ్చిపోతుంది. అందుకే సరిగ్గా తొలకరి ముందు రాలుతుంది. ఆషాఢంలో మనం వెళ్లేసరికి అడవి నేలంతా మొలకలే, కాలు పెట్టడానికి చోటు చూసుకోవాలి.

తడిసిన ఆకుల వాసన, పుట్టకొక్కుల వాసన. పల్లెల ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని పుట్టగొడుగుల కోసం తిరుగుతుంటారు. మరికొందరు ఆకులు కోస్తుంటారు. మన కొండల్లో అడ్డాకుతో విస్తళ్లు కుట్టినట్టు ఇక్కడ సాల ఆకుతో కుడతారు. ఖరగ్‌పూర్‌లో ఏ పెళ్లి భోజనమైనా, గుడి ప్రసాదమైనా ఒకప్పుడు ఆ ఆకుల మీదే. "ఏ ఊరు, దీదీ?" అంటే నవ్వి చెప్తారు. ఏనుగులు ఉన్నాయా లేవా అన్నది వాళ్లనడిగే తెలుసుకోవాలి. జార్ఖండ్ దల్మా కొండల నుంచి ఏనుగుల గుంపులు వరి పండే వేళకి ఈ అడవుల్లోకి దిగుతాయి. 1980ల చివరి నుంచీ ఇది ఏటేటా ఉన్నదే. ఆ నెలల్లో అడవిలోకి వెళ్లే పని పెట్టుకోకండి. వాటి దారి వాటిది.

ఇప్పుడు తాత జవాబు చెప్తాను.

ఒక మోడు దగ్గర కూర్చుని అటుకులు తింటున్నాం. ఎప్పుడో నరికేసిన మోడు, దాని చుట్టూ నాలుగైదు కొత్త కాండాలు లేచి ఉన్నాయి. "తాతా, సింహాచలంలో మధ్యన కొండుంది, దాని మీద అప్పన్నున్నాడు. మనం దేని చుట్టూ తిరుగుతున్నాం?" అని అడిగాను. తాత ఆ మోడు మీద అరచెయ్యి వేశాడు.

"కొండ నేకపోతే ఏటే గుంటా, సెట్టున్నాది కదా. ఈ సెట్టే మన రైలుని మోసినాది."

అప్పుడు నాకు అర్థం కాలేదు. మెల్లగా అర్థమైంది. మీరు ఇప్పుడు చూసే పట్టాల కింద ఉన్నవి సిమెంటు స్లీపర్లు. మా తాత రోజుల్లో చెక్కవి. చెక్కల్లో సాలకి మించింది లేదు. గట్టిది, బరువైంది, చెద ఒక పట్టాన ముట్టదు. బ్రాడ్‌గేజి స్లీపరు తొమ్మిదడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల మందం. ఒక్కొక్కటి డెబ్బై ఎనభై కిలోలు. కిలోమీటరు పట్టాకి సుమారు 1,500 కావాలి. పదిహేను ఇరవై ఏళ్లకి పాతవి తీసి కొత్తవి వెయ్యాలి. ఇప్పుడు లెక్క వేసుకోండి, దేశమంతా పరిచిన లైన్లకి ఎన్ని చెట్లు! మేదినీపూర్ జిల్లాలోకి రైలు రాగానే అడవి కొట్టి అమ్మడం సులువైంది. రైలుకి కావలసిన కలప రైలు మీదే పోయింది. ఆ స్లీపర్లని భుజాన మోసి, కంకర మీద పేర్చి, మేకులు దిగ్గొట్టిన గ్యాంగుల్లో మా తాత ఒకడు. ఆయన అన్నం పళ్లెంలోకి వచ్చిన ప్రతి మెతుకూ ఈ చెట్టు పడిపోవడంలోంచి వచ్చిందని ఆయనకి తెలుసు. ఎవరూ చెప్పలేదు, భుజం చెప్పింది.

అడవి తరిగిపోయింది సరే, మరి ఇదెక్కడిది అంటారా? అదే ఈ కథలో నాకెంతో ఇష్టమైన భాగం. సాల మోడుకి చావు లేదు. వేరు బతికుంటే, పశువులు మేయకుండా, గొడ్డలి పడకుండా కొన్నేళ్లు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. మేదినీపూర్‌కి ఉత్తరాన ఆరాబారి అని ఒక అడవుంది. 1972లో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి అక్కడి 11 పల్లెల వాళ్లతో కూర్చుని మాట్లాడాడు. అడవిని మీరు కాపాడండి, పని మీకే ఇస్తాం, ఎదిగాక అమ్మిన దాంట్లో నాలుగో వంతు మీదే అన్నాడు. 618 కుటుంబాలు, 1,272 హెక్టార్ల మోడుబారిన నేల. వాళ్లు కొత్తగా నాటినదానికంటే వదిలిపెట్టినదే ఎక్కువ. మోళ్లు చిగిర్చాయి. పదిహేనేళ్లలో అది అడవి అయింది. 1989లో పశ్చిమ బెంగాల్ దాన్నే రాష్ట్ర విధానం చేసింది, మరుసటి ఏడు కేంద్రం అన్ని రాష్ట్రాలకీ రాసింది. మన దగ్గర వన సంరక్షణ సమితులు విన్నారే, ఆ తీగ లాగితే ఆరాబారి దగ్గర డొంక కదులుతుంది. ఒక ప్రభుత్వోద్యోగి పల్లెవాళ్లని దొంగలుగా చూడడం మానేసి యజమానులుగా చూసినందుకు ఒక అడవి తిరిగొచ్చింది.

దొంగలనే మాట వచ్చింది కాబట్టి ఇంకొక మాట చెప్పకుండా ఈ అడవి దాటలేను. ఈ సాల అడవుల్లో లోధా శబరులుంటారు. తెల్లవాళ్ల చట్టం వాళ్లని పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. మన ఎరుకల వాళ్లకి వేసిన ముద్రే. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. వాళ్లలో చూనీ కొటాల్ అనే అమ్మాయి కూలి చేసుకుంటూ చదివి 1985లో డిగ్రీ పొందింది. లోధా ఆడపిల్లల్లో ఆమే మొదటి పట్టభద్రురాలు. పై చదువులో కులం పేరు చెప్పి ఏళ్ల తరబడి చేసిన అవమానాలు భరించలేక 1992 ఆగస్టు 16న ప్రాణం తీసుకుంది. ఆమె భర్త పనిచేసేది మా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోనే. చనిపోయిందీ మా ఊళ్లోనే. మహాశ్వేతాదేవి ఆమె గురించి రాసింది, బెంగాల్ అంతా అట్టుడికింది. మా నాన్న ఆమె పోయిన సంగతి తెలిసిన సాయంత్రం షాపు నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. "అడవి మనకింత ఇచ్చింది, అడవి పిల్లకి మనూళ్లో చోటు లేకపోయింది" అన్నాడు. అప్పట్నుంచి ప్రదక్షిణలో ఆమె పేరు కూడా ఒకసారి తలుచుకుంటాను. మీరూ గుర్తుపెట్టుకోండి.

అడవి దాటి సాలువా రోడ్డెక్కితే టీ దుకాణం. సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం ఉంది. గూర్ఖా కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, టీ ఇచ్చే అక్క నేపాలీలో పాడుకుంటూ ఇస్తుంది. భద్రతా దళాల జాగాలు కాబట్టి ఫొటోలు తియ్యకండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ల ఇరవయ్యో బాంబర్ కమాండుకి ఖరగ్‌పూరే ముఖ్య కార్యాలయం. ఈ గట్టి ఎర్ర నేల మీద చుట్టుపక్కల విమానాల పట్టీలు పరిచారు. 1944 జూన్ 5న ఈ స్థావరాల నుంచే 98 బీ-29 విమానాలు మొదటిసారి యుద్ధానికి బయల్దేరి బ్యాంకాక్ మీదికి వెళ్లాయి. ఆ రోజు పట్టా మీద పనిచేస్తున్న తాత గ్యాంగు చెవులు మూసుకుని కంకర మీద కూర్చుండిపోయిందట. ఆ విమానాలు ఎటు పోయాయో, నేల మాత్రం మిగిలింది. పట్టీల పగుళ్లలో గడ్డి మొలిచింది.

తిరుగు దారి ఎప్పుడూ పొట్టిదే అనిపిస్తుంది. హిజ్లీ స్టేషను వైపు రైలు కూత వినబడుతుంది, తాల్‌బాగిచా వస్తుంది. పేరుకి తాటితోపు, ఇప్పుడు చెట్ల కంటే ఇళ్లెక్కువ. నేనిప్పుడు ఉండేది అక్కడే. కానీ ఆ రోజు మా ఇంటి ముందు ఆగను. పురీ గేటు దాటి, న్యూ సెటిల్‌మెంట్‌లో బయల్దేరిన ఆ క్వార్టరు దాకా వెళ్తాను. ప్రదక్షిణ మొదలుపెట్టిన చోటే ముగియాలి కదా.

ఆ క్వార్టరు ఇప్పుడు మాది కాదు. నిజానికి ఎప్పుడూ మాది కాదు. రైల్వే క్వార్టరు అంటే రిటైరైన నాడు తాళం చెవి తిరిగి ఇచ్చేది. నేను పుట్టిన గది, అమ్మ తులసి కోట, నాన్న సైకిలు ఆనించిన గోడ, అన్నీ ఒక కాగితం మీద సంతకంతో అప్పగించి వచ్చేశాం. మా సెటిల్‌మెంట్‌లో మూడు తరాలు బతికి కూడా పిడికెడు మన్ను సొంతం లేనివాళ్లు ఎంతోమంది. కొందరు సిక్కోలు వెళ్లిపోయారు, అక్కడ వాళ్లని బెంగాల్ వాళ్లన్నారు. ఏ ఊరు మీది అని ఎవరైనా అడిగితే చాలాకాలం నేనూ తడబడేదాన్ని. ఇప్పుడు తడబడను. ఊరంటే పట్టా కాగితం కాదని నా కాళ్లకి తెలుసు. ఏ చెట్టు మనల్ని మోసిందో, ఏ పిట్ట గుడ్లు ఎక్కడున్నాయో, ఎవరి పేరు ఎక్కడ తలుచుకోవాలో తెలిస్తే అది మన ఊరు. ఏడాదికి ఒక్కసారైనా చుట్టూ తిరిగి వాటిని పలకరిస్తే చాలు.

నిరుడు చతుర్దశి నాడు వెళ్లేసరికి ఆ గేటు ముందు కాలవ మీద కొత్త సిమెంటు పలక ఉంది. నా గుండె జారింది. అంతలో ఇప్పుడక్కడ ఉంటున్న బిహారీ ఇల్లాలు బయటికొచ్చింది. ఏటేటా గేటు ముందు వంగి దండం పెట్టుకునే మనిషినని నన్ను గుర్తుపట్టింది. "ఆవో దీదీ" అని లోపలికి పిలిచింది. కాలవ బాగుచేసినవాళ్లు పారేయబోతుంటే, మంచి చెక్క అని వేపచెట్టు కింద రెండు ఇటుకల మీద పెట్టించిందట. మేకుల కన్నాలు అలాగే ఉన్నాయి, నడిచి నడిచి మధ్యలో కాస్త అరిగింది. "బైఠియే" అంది.

ఇన్నేళ్లూ పాదం పెట్టానే గాని ఎప్పుడూ దాని మీద కూర్చోలేదు. కొంగుతో తడి తుడిచి కూర్చున్నాను. పొద్దుట్నుంచీ నడిచిన కాళ్ల బరువంతా దాని మీద వదిలేశాను. మోసింది.